క్లచ్ లేని బస్సుకు డ్రైవర్

ఆ పోస్టర్ మా కాలేజీ వాట్సాప్ గ్రూపుల పడ్డప్పుడు నేను మానుకోట బస్టాండ్ల మిర్చి బజ్జీ తింటున్న. "యువతే రాసి, యువతే ఆడే పాటల నాటకం. పదహారు నుంచి పాతికేండ్ల లోపు ఎవరైనా రావొచ్చు. చూపు లేనోళ్లు, వినపడనోళ్లు, నడవ కష్టమయ్యేటోళ్లు, ఇంట్ల ఏ భాష మాట్లాడేటోళ్లైనా సరే. పాట రాకున్నా ఫరవాలేదు." చివరి ముక్క చదివినంక నాకు ధైర్యం రాలేదు, భయమేసింది. పాట రానోళ్లందరు కలిసి పాటల నాటకం ఆడితే చూసేటోళ్ల గతి ఏంది?

అయినా పోవాలనుకున్న. దానికి కారణం పోస్టర్ కింద రాసిన కథ. ఒక రూట్ల తిరిగే బస్సును బంద్ చేస్తున్నరు. ఆఖరి ట్రిప్పు నడిపే డ్రైవర్, ఆ బస్సు ఎక్కిన జనం. అంతే. రాజు లేడు, రాక్షసుడు లేడు. నాటకం చివర డ్రైవర్‌కు ఒక పెద్ద పాట. నాకు ఆ డ్రైవర్ వేషం కావాలనిపించింది. బజ్జీ చల్లారేదాక అదే ఆలోచన.

ఇక్కడ నా సంగతి చెప్పకపోతే కథ ముందుకు నడవదు. నేను కూడా సరిగ్గ నడవను గనక ఇద్దరం సమానమే. నర్సింహులపేట దగ్గరి తండా మాది. ఇంట్ల లంబాడీ మాట్లాడుతం, గడప దాటితే తెలుగు. పుట్టినప్పటి నుంచే నా ఎడమ కాలు కుడి కాలు కంటె పొట్టి, సన్నం. దానికి ఇనుప పట్టీల క్యాలిపర్, కింద ఎత్తు బూటు. నడిస్తే టక్కుమంటది. చిన్నప్పుడు పిల్లలు నవ్వేటోళ్లు. వాళ్లు నవ్వేలోపే నేనొక జోకు వేస్తే ఆ నవ్వు నాదైతదని మూడో తరగతిల కనిపెట్టిన. అప్పటి సంది అదే దందా. బడిల, కాలేజీల ఎన్ని నాటకాలు ఆడినా నాకు దక్కింది ఒక్కటే వేషం. దొర పక్కన తిక్క పాలేరు, రాజు పక్కన తిండిపోతు. ఒకసారి బీడీలు తాగొద్దనే నాటకంల దగ్గే ముసలోణ్ణి. ఆ దగ్గు కూడా నవ్వించే దగ్గే ఉండాలన్నడు మా సారు.

ఇరవై ఏండ్లు నిండినంక, ఒక్కసారన్న జనం నన్ను చూసి నవ్వకుండ వినాలెనని కోరిక పుట్టింది. ఈ ముచ్చట ఎవరికి చెప్పినా పడి పడి నవ్విండ్రు.

"నాటకంల డ్రైవర్ వేషం అడగడానికి జనగామ పోతున్న యాడీ" అన్న. యాడి అంటే మా దగ్గర అమ్మ. ఆమె పత్తి ఏరి గీసుకుపోయిన వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటున్నది.

"ముందుగాల బస్సుల కిటికీ సీటు దొరుకుతదేమో చూసుకో. డ్రైవర్ సీటు ముచ్చట తర్వాత" అన్నది.

నా నోరు ఎవరి నుంచి వచ్చిందో మీకు అర్థమయ్యే ఉంటది.

తొర్రూరు దాక ఆటో, అక్కణ్నుంచి పాలకుర్తి మీదుగ బస్సు. జనగామల ఒక పాత పత్తి గోదాంల ఆడిషన్. ముందర మూడు మెట్లు. వాటి మీద ఒక తలుపు చెక్కను వాల్చి, పక్కన సున్నంతోటి "ర్యాంపు" అని రాసిండ్రు. మెడల విజిల్ వేసుకున్న ఒక అక్క ఎదురొచ్చింది. డిగ్రీ నిరుడే అయిపోయిందట, నాటకానికి డైరెక్టర్ ఆమెనే.

"ఎట్లున్నది తమ్మీ మా ర్యాంపు?" అని అడిగింది గర్వంగ.

"మంచిగున్నదక్కా. దీని మీంచి వీల్‌చైర్ వదిలితే హైదరాబాద్ రోడ్డెక్కేదాక ఆగదు."

ఆమె నవ్వలే. నోట్‌బుక్ తీసి "ర్యాంపు వాలు ఎక్కువ" అని రాసుకున్నది. జోకును ఫిర్యాదు లెక్క రాసుకున్న మనిషిని నా బతుకుల మొదటిసారి చూసిన.

లోపల ముప్పై మందిమి ఉన్నం. ఒక మూలకు హార్మోనియం ముందర భూపాలపల్లి నుంచి వచ్చిన పిల్ల కూసున్నది. ఆమెకు చూపు లేదు. నాయిన బొగ్గు బాయిల పనిచేస్తడట. నాటకంల పాటలన్నీ ఆమె కట్టినయే. ఎవరికి ఏ వేషమనేది ఆమె, డైరెక్టరక్క కలిసి తేలుస్తరు.

డైరెక్టరక్క విజిల్ ఊది మొదలుపెట్టింది. "మొఖాలు చూస్తె మనకు పక్షపాతం వస్తది. అందుకే మా తాత యక్షగానం పద్ధతి పెడుతున్న. వేషగాడు ముందుగాల తెర వెనక నిలబడతడు. బయటినుంచి 'ఎవరయ్యా నువ్వు, ఏ ఊరు' అని అడుగుతం. లోపలున్నోడు వేషం తీరుగ జవాబియ్యాలె. జవాబు నచ్చితేనే తెర దిగుతది. సొంత పేరు చెప్పొద్దు."

ఆలోచన బంగారం లెక్కనే ఉన్నది. తెర మాత్రం ఒంటి మంచం దుప్పటి. ఒక కొస పాలకుర్తి నుంచి వచ్చిన ఆరడుగుల పిలగాడు పట్టుకున్నడు, ఇంకో కొస ఇంటర్ చదివే పొట్టి పిల్ల. ఆ దుప్పటి ఒక దిక్కు గాలిపటం లెక్క లేచింది. వెనక నిలబడ్డోళ్ల కాళ్లు మోకాళ్ల దాక కనిపిస్తున్నయి. మొఖాలు దాచి కాళ్లు ప్రదర్శనకు పెట్టిండ్రన్నట్టు. "గులాబి చెప్పులు మంచిగ పాడింది", "తెగిన స్లిప్పరు గొంతు జర పెంచాలె" అని డైరెక్టరక్క రాసుకుంటనే ఉన్నది. పక్షపాతం పోయిందనే ఆమె నమ్మకం.

నా వంతు వచ్చింది. తెర వెనకకు పోయి కిందికి చూసుకున్న. గోదాం పైకప్పు రేకుకు పడ్డ బొక్కల నుంచి ఎండ వచ్చి, సరిగ్గ నా క్యాలిపర్ మీద పడి అది ధగధగ మెరుస్తున్నది. బయట ముప్పై మంది గుసగుస బంద్ చేసిండ్రు. ఆ నిశ్శబ్దం నాకు మూడో తరగతి సంది తెలుసు.

"ఎవరయ్యా నువ్వు? ఏ ఊరు?" అన్నది డైరెక్టరక్క.

డ్రైవర్ చెప్పాల్సిన జవాబు నాలుక మీదనే ఉన్నది. నాలుక నా మాట వినలే.

"అక్కా, మొఖం దాచిండ్రు, బానే ఉన్నది. నా గుర్తింపు కార్డు కింద మెరుస్తున్నది, జర చూసుకోండ్రి."

గోదాం దద్దరిల్లింది. తెర పట్టుకున్న పొట్టి పిల్ల నవ్వి నవ్వి దుప్పటి వదిలేసింది. డైరెక్టరక్క కండ్లు తుడుచుకుంట, "మన కండక్టర్ దొరికిండు!" అని అరిచింది. నాటకంల కండక్టర్ అంటే నవ్వించేటోడు. ముసలమ్మల సంచులు మోసుకుంట, జనాన్ని లోపలికి తోసుకుంట, మాటకొక పంచ్ వేసేటోడు.

"అక్కా, నేను డ్రైవర్ కోసం వచ్చిన" అన్న.

అందరు ఇంకో జోకు అనుకొని నవ్వడానికి నోరు తెరిచిండ్రు. నేను నవ్వలే. నోర్లు మెల్లగ మూసుకున్నయి.

"అన్నా, క్లచ్ ఎట్ల తొక్కుతవే?" అని అడిగిండు పాలకుర్తి పిలగాడు. వాడు ఎగతాళికి అడగలే. వాళ్ల నాయిన లారీ డ్రైవర్, బండి ముచ్చట వస్తె వాడు గుడిల నిలబడ్డట్టు నిలబడతడు. వాడు కూడా డ్రైవర్ వేషానికే వచ్చిండు.

"తమ్మీ, మన బస్సు అట్టముక్కలది. ఇంజినే లేదు, క్లచ్ ఎక్కడిది?"

మళ్ల నవ్వులు. ఆ క్షణంల నాకు తెలిసొచ్చింది. వాదన గెలిచిన, వేషం పోగొట్టుకున్న. వాళ్లు నవ్విన కొద్ది నేను కండక్టర్‌కు దగ్గర పడుతున్న.

అప్పుడు హార్మోనియం పిల్ల నోరు తెరిచింది. "నవ్వుడు అయిపోయిందా? ఆయన పాట ఇంకా వినలే."



"డ్రైవర్ కోసమే వస్తె డ్రైవర్ జవాబు ఎందుకు చెప్పలేదన్నా?" అని ఆమెనే నా దిక్కు తిరిగి అడిగింది.

నేను వంగి క్యాలిపర్ పట్టీ సర్దుకున్న. 

"నవ్విచ్చి తప్పిచ్చుకున్నవ్" అన్నది ఆమె. కోపం లేదు, జాలి లేదు. శ్రుతి తప్పితే చెప్పినట్టు చెప్పింది. "వచ్చే ఆదివారం మళ్ల రా. తెర వెనక నిలబడ్డకాడి నుంచి పాట ముగిసేదాక ఒక్క జోకు వేసినా నువ్వు కండక్టర్‌వే. ఒప్పుకుంటవా?"

"ఒక్కటి కూడానా?"

"గిది మొదటిది. ఇయ్యాల్టిది గనక లెక్కపెడతలే."

ఆ వారం ఆమె డ్రైవర్ పాట పాడి వాట్సాప్ చేసింది. నేను మా వాకిట్ల నిలబడి బాధపడుడు మొదలుపెట్టిన. కండ్లు పెద్దగ చేసిన, పెదవులు వణికించిన. యాడి చేట పక్కన పెట్టి కాసేపు చూసింది.

"పన్ను నొస్తుందా?" అని అడిగింది.

అద్దంల చూసుకున్న. నిజంగనే పన్ను నొచ్చినోని లెక్కనే ఉన్న. ఇన్నేండ్లు నవ్వు తెప్పిచ్చుకునుడు నేర్చుకున్న మొఖానికి ఇంకో పని రాదు. వచ్చినట్టు నటిస్తే ఇంకింత నవ్వొస్తది.

అందుకని నటన పక్కకు పెట్టి, కాలేజీకి పోయే బస్సుల డ్రైవర్ వెనక సీట్ల కూసొని ఆయనను చూసుడు షురూ చేసిన. నాలుగు రోజులు చూసినా ఆ మొఖంల ఏ భావమూ దొరకలే. రోడ్డు చూస్తడు, అద్దం చూస్తడు. గేరు మార్చే పని లేకున్నా ఎడమ చెయ్యి గేరు రాడ్ మీదనే ఉంటది. ఎవరూ నిలబడని బస్ స్టేజి కాడ కూడా జర స్లో చేస్తడు, ఒక్కసారి పక్కకు చూస్తడు, మళ్ల పోనిస్తడు. ఎక్కేటోళ్లు లేరని తెలిసి కూడా ఎందుకు చూస్తడో ఆయనకే తెల్వాలె.

నాలుగో రోజు ఆయనే అద్దంల నుంచి అడిగిండు. "ఏంది తమ్మీ, సోమవారం సంది నన్నే చూస్తున్నవ్. పిల్లనిస్తవా ఏంది?"

"నాటకంల డ్రైవర్ వేషం వేస్తున్ననే. నేర్చుకుందామని."

"డ్రైవర్‌కు వేషమేందిరా? కూసుంటె డ్రైవరే" అని హారన్ కొట్టిండు.

మిగతా దారి పొడుగునా ఆ మాటే ఆలోచించిన. కూసుంటె డ్రైవరే. నాటకమంత కూసొని ఉండే వేషం అదొక్కటే. కండక్టర్ అయితే రెండు గంటలు బస్సుల అటు ఇటు తిరగాలె, ఎక్కాలె, దిగాలె, సంచులు మోయాలె. నా కాలు చూసి డ్రైవర్ వేషానికి పనికిరానన్నోళ్లు, మనసు పెద్దది చేసి, నాటకం మొత్తంల ఎక్కువ నడిచే వేషం నాకు ఇచ్చిండ్రు.

ఆదివారం యాడి కూడా బయలెల్లింది. జనగామ దవాఖానల కండ్లు చూపిచ్చుకోవాలన్నది. ఆదివారం కండ్ల డాక్టర్ ఉండడని ఆమెకు తెలుసు, నాకు తెలుసు. ఇద్దరం ఆ ముచ్చట తియ్యలే. గోదాం ముందర ర్యాంపు పొడుగైంది, రెండు తలుపులు కలిపి మేకులు కొట్టిండ్రు. ఈసారి దాని మీద మెట్లెక్కే బాధ లేకుండ పోయిన. యాడి లోపల వెనక వరుసల సంచి ఒళ్లె పెట్టుకొని కూసున్నది.

తెర కూడా మారింది. డైరెక్టరక్క రెండు దుప్పట్లు కలిపి మిషిన్ మీద కుట్టింది. నేల దాక పారాడుతున్నది. ఇప్పుడు కాళ్లు కాదు గదా, మనిషి ఉన్నడో లేడో కూడా తెల్వది.

ముందు పాలకుర్తి పిలగాడు డ్రైవర్ పాట పాడిండు. గొంతు మంచిదే. కాని ఎక్కడినుంచి పట్టుకొచ్చిండో, మన యాస వదిలి సినిమా తెలుగు అందుకున్నడు. "ప్రయాణికులారా, సెలవు తీసుకుంటున్నాను" అని గుండె మీద చెయ్యి పెట్టుకొని ఏడ్చిండు. వాడు ఏడ్చిన కొద్ది మేం పెదవులు కొరుక్కున్నం. వానికి ఒక్క చుక్క అనుమానం రాలే.

నేను లేచి తెర వెనకకు నడిచిన. గోదాం సిమెంటు నేల మీద టక్కు, టక్కు.

"వచ్చిండు" అన్నది హార్మోనియం పిల్ల.

"అయ్యో, ఎవరో చెప్పొద్దని గదా తెర కట్టింది!" అన్నది డైరెక్టరక్క.

"నేనెక్కడ చెప్పిన? నడక విన్న. అక్కా, ఇక్కడున్న అందరి నడక నాకు తెలుసు. ఆ పొడుగోడు చెప్పులు ఈడుస్తడు. నువ్వు మడమలు కొట్టుకుంట నడుస్తవ్. నాకు తెర ఉన్నా లేకున్నా ఒక్కటే. ఈ రెండు దుప్పట్లు మీ కండ్ల కోసం మీరు కట్టుకున్నయి."

డైరెక్టరక్క తను కుట్టిన కుట్టు దిక్కు చూసుకున్నది. తెర వెనక నా నోట్ల నాలుగు జోకులు వరుసల నిలబడ్డయి. నాలుగు కూడా మంచియే. మింగిన.

"ఎవరయ్యా నువ్వు?" అని అడిగింది డైరెక్టరక్క.

"డ్రైవర్‌ను."

"ఏ ఊరు?"

"రూట్ల ఉన్న ఊర్లన్నీ."

"ఏం పని మీద వచ్చినవు?"

"ఆఖరి ట్రిప్పు. పొద్దుగూకేలోపు బండి అప్పజెప్పాలె."

 తెర దిగింది.

"ఒక కుర్చీ కావాలె అక్కా" అన్న.

"ఎందుకు?"

"డ్రైవర్ కూసుంటడు."

ఆమె నా కాలు దిక్కు చూసింది, నోట్‌బుక్ దిక్కు చూసింది, ఏదో కొట్టేసింది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. స్టీరింగ్ కోసం ఎవరో గుండ్రటి టీ పళ్లెం ఇచ్చిండ్రు. కుర్చీల కూసొని క్యాలిపర్ లాక్ తీసి మోకాలు మడిచిన. సరిగ్గ అప్పుడు కుర్చీ కాళ్లు సిమెంటు మీద జారి ఒక శబ్దం చేసినయి. దాన్ని అక్షరాలల్ల పెట్టుడు కష్టం. పెండ్లిల పప్పు ఎక్కువ తిన్న పెద్దమనిషి పక్కన కూసుంటె మీకే తెలుస్తది.

ముప్పై మంది ఊపిరి బిగపట్టిండ్రు. వెనక వరుసల యాడి కొంగు నోట్ల కుక్కుకున్నది. అందరి కండ్లు నా మీద. నేను ఒక్క కనుబొమ్మ లేపితే చాలు, గోదాం పేలుతది. బతుకుల అంత తేలికైన నవ్వు నాకు ఎన్నడూ దొరకలే. అదొక్కటి తీసుకుంటే ఆ డ్రైవర్ పోతడు, మళ్ల రాడు.

రోడ్డు చూసిన. ఎడమ చేత్తోటి గేరు వేసినట్టు చేసి, కుర్చీని కావాలని ఇంకోసారి జరిపిన. అదే శబ్దం. ఈసారి అది బస్సు శబ్దం. ముందు వరుసల ఒక నవ్వు మొదలై సగంల ఆగిపోయింది, ఎందుకంటే హార్మోనియం పిల్ల ఆ కీచుకు దగ్గరి స్వరం పట్టుకొని అక్కడి నుంచే పాట వాయించింది, నేను అందుకున్న.

చెయ్యెత్తిన కాడల్లా ఆపినోణ్ణి
ఇగ బండినే ఆపమంటె ఎట్ల ఆపుదు
ఎక్కిన బిడ్డ పేరు ఏనాడు అడగలే
దిగే ఊరు మాత్రం ఏనాడు మరవలే

నా గొంతు గొప్పదేం కాదు. పై స్వరం కాడ కొంచెం గీసుకుపోయింది. కాని మా వాకిట్ల పడ్డ బాధలేవీ మొఖంల పెట్టలే, రోడ్డు చూసుకుంట పాడిన. పాట చివర్ల డ్రైవర్ ఒక్కొక్క స్టేజి పేరు చెప్పుకుంట పోవాలె. పెద్దమోరి. స్లో చేసిన, పక్కకు చూసిన, ఎవరూ లేరు, పోనిచ్చిన. రేషన్ దుకాణం. తుమ్మల మలుపు. గోదాంల పావురాల రెక్కల సప్పుడు తప్ప ఏం లేదు.

ఆఖరిది తండా రోడ్డు. ఆమె పంపిన పాటల ఆ రెండు ముక్కలే ఉన్నయి. నేను బండి ఆపి, అద్దంల చూసినట్టు చూసి, ముందుగ అనుకోకుండనే మా భాషల ఒక మాట అన్న. దిగు యాడీ, ఇల్లొచ్చింది అని దాని అర్థం.

వెనక వరుసల యాడి సంచి భుజానికి వేసుకొని లేచి నిలబడ్డది.

నిజంగనే దిగడానికి లేచింది. కుర్చీల వరుస దాటడానికి ఒక అడుగు కూడా వేసింది. తర్వాత చుట్టూ చూసి, గోదాం అని గుర్తుకొచ్చి, కోపంగ నా దిక్కు చూసి మళ్ల కూసున్నది. ముప్పై మంది వెనకకు తిరిగి ఆమెను చూసిండ్రు. ఒక్కరు నవ్వలే. మా భాష వాళ్లల్ల సగం మందికి రాదు. అయినా ఒకామె బస్సు దిగబోయిందని అందరికి అర్థమైంది.

పాట అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలే. నాకు పరేషాన్ మొదలైంది. జోకు పేలకపోతె ఏం చేయాల్నో నాకు తెలుసు. ఇట్లాంటి నిశ్శబ్దం వస్తె ఏం చేయాల్నో ఎవరూ నేర్పలే. పళ్లెం పట్టుకొని అట్లనే కూసున్న.

హార్మోనియం పిల్ల గాలి తిత్తి మూసి, "గిప్పుడు పాడినవు" అన్నది. అప్పుడు పడ్డయి చప్పట్లు. పైనున్న పావురాలు కూడ లేచిపోయినయి. డైరెక్టరక్క నోట్‌బుక్ తిప్పి నాకు చూపెట్టింది. డ్రైవర్ అని ఉన్నకాడ నా పేరు రాసి కింద రెండు గీతలు గీసింది.

కండక్టర్ వేషానికి ఊకనే పాలకుర్తి పిలగాణ్ణి లేపి చూసిండ్రు. "టికెట్ తీసుకోండి అమ్మా, టికెట్" అని వాడు గొంతు వణికిచ్చుకుంట, కండ్లల్ల నీళ్లు పెట్టుకొని అడిగేసరికి గోదాం కూలేటట్టు నవ్విండ్రు. ఎందుకు నవ్వుతున్నరో తెలువక వాడు ఇంకింత సీరియస్ అయిండు. ఇంకింత నవ్విండ్రు. ఇరవై ఏండ్ల నా కష్టాన్ని వాడు రెండు నిమిషాలల్ల, ఏం తెలువకుండ, దాటిపోయిండు. నాకు కోపం రాలే. వాణ్ణి చూసి అందరికంటె గట్టిగ నవ్వింది నేనే.

డైరెక్టరక్క మా యాడి దగ్గరికి పోయి, "అమ్మా, మధ్యల ఎందుకు లేచినవ్?" అని అడిగింది.

"దిగమన్నడు గదా" అన్నది యాడి. "గంత నెమ్మదిగ ఎవరన్న చెప్తే దిగరా?"

టీ తాగుడు కూడా కాలే, విజిల్ మోగింది. "కుర్చీలు జరుపుండ్రి! మొదటినుంచి పాడుదాం. డ్రైవర్, నువ్వు రెండో లైన్ల తొందరపడుతున్నవ్!"

ఎవర్ని పిలుస్తున్నరో అని నేను పక్కకు చూడలే. పళ్లెం అందుకొని, రోడ్డు దిక్కు తిరిగి, గేరు వేసిన.